మత్తు దిగుతుందా, డాక్టరమ్మా?

2017లో గుంటూరులో ఒక నర్సుకు మెదడులోని గడ్డ తీశారు. ఆపరేషను జరుగుతూ ఉండగా ఆమె 'బాహుబలి' సినిమా చూసింది. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మరొక ఆవిడ 'అదుర్స్' చూస్తూ ఉండగా ఆపరేషను చేశారు. రెండుసార్లూ పత్రికలవాళ్ళు సినిమా పేరు పెద్ద అక్షరాలతో వేశారు. మా ఇంటికి పాలు పోసే అబ్బాయి మొదలుకొని మా మేనత్తగారి వరకూ అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "పుర్రె తెరిచి మెదడు కోస్తుంటే సినిమా ఎలా చూస్తారమ్మా? నొప్పి పుట్టదూ?"

పుట్టదు. పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. కాలి చిటికెన వేలికి ముల్లు గుచ్చుకుంటే "అమ్మో" అనిపించే మెదడుకు, తన మీద కత్తి పడితే మాత్రం తెలియదు. నొప్పి అంతా నెత్తిచర్మానిది, ఎముకను అంటిపెట్టుకున్న పొరది, మెదడును చుట్టి ఉన్న గట్టి పొరది. నెత్తికి పోయే నరాలు కనుబొమ్మల దగ్గర, కణతల దగ్గర, చెవుల వెనుక, తల వెనుక పైకి వస్తాయి. ఒక్కొక్క చోట, పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చేలాంటి తిమ్మిరి ఇంజక్షను ఇస్తే నెత్తి మొద్దుబారిపోతుంది. ఆ తరువాత రోగి సినిమా చూడవచ్చు, పాట పాడవచ్చు, నాతో పోట్లాడవచ్చు కూడా. పోట్లాడినవారున్నారు.

సినిమా సంగతి రాసినవారు, అటువంటి ఆపరేషనులో రోగికి కప్పిన ఆకుపచ్చ గుడ్డ కింద, గుడారంలో కూర్చున్నట్టు కూర్చుని, అతని ముఖం వంకే చూస్తూ మాట్లాడే మనిషి సంగతి రాయరు. ఆ మనిషి మత్తు డాక్టరు. ముప్ఫై ఏళ్ళపాటు మెదడు, వెన్నుపాము, నరాల ఆపరేషన్ల గదిలో నేను చేసిన ఉద్యోగం అదే.

ఆపరేషనుకు ముందురోజు సాయంత్రం రోగిని చూడటానికి వెళితే, సర్జనుగారిని అడగటానికి జంకే ప్రశ్న బంధువులు నన్ను అడుగుతారు. "మత్తు దిగుతుందా, డాక్టరమ్మా?" అని. కొందరు వరండాలోకి వెంట వచ్చి, రోగికి వినబడకుండా అడుగుతారు. కడుపు ఆపరేషనుకు ముందు ఈ ప్రశ్న ఎవరూ ఇంత భయంగా అడగరు. మెదడు అనేసరికి, పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉండిపోతాడేమోనని బెంగ. ఆ బెంగను నేను ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. ఎందుకంటే మా పని మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. నిద్రపుచ్చడం పెద్ద విద్య కాదు. తెల్లటి మందు నరంలోకి ఎక్కిస్తే అర నిమిషంలో కళ్ళు మూతలు పడతాయి. ఆరేడు గంటల తరువాత ఆ మనిషి కళ్ళు తెరిచి, తన పేరు తాను చెప్పి, రెండు చేతులూ రెండు కాళ్ళూ కదిలించేటట్లు చూడటమే విద్య. దానికి ఏర్పాట్లు మొదటి నిమిషం నుంచే జరగాలి.

కొబ్బరికాయను తలుచుకోండి. పైన చిప్ప, లోపల కొబ్బరి, నీళ్ళు. మన తలకాయా అంతే. చిప్పలో మెదడు, దాని చుట్టూ సుమారు 150 మిల్లీలీటర్ల నీరు, వీటికి తోడు రక్తనాళాల్లో రక్తం. చిప్ప సాగదు. మూడింటిలో ఏది పెరిగినా మిగిలిన రెండూ తగ్గాలి, లేకపోతే లోపల ఒత్తిడి పెరుగుతుంది. 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జి కెల్లీ అనే స్కాట్లండు వైద్యులు చెప్పిన ఈ లెక్క మీదనే మా విద్య అంతా నిలిచి ఉన్నది. గడ్డ పెరిగినా, దెబ్బ తగిలి నెత్తురు గడ్డకట్టినా, మెదడు వాచినా ఒత్తిడికి పోవడానికి దారి ఒక్కటే: పుర్రె అడుగున వెన్నుపాము దిగే రంధ్రం. మెదడు ఆ రంధ్రంలోకి జారితే, ఊపిరినీ గుండెనూ నడిపించే భాగం అక్కడ నొక్కుకుపోతుంది. మనిషి దక్కడు.

ఈ మెదడు తిండిపోతు కూడా. ఒంటి బరువులో నూటికి రెండు వంతులుండి, గుండె కొట్టే రక్తంలో నూటికి పదిహేను వంతులు పట్టుకుపోతుంది. నాలుగైదు నిమిషాలు రక్తం అందకపోతే చెడిపోవడం మొదలుపెడుతుంది. కనుక మత్తు డాక్టరు ఒక చేత్తో మెదడును మెత్తగా, వదులుగా ఉంచాలి. రెండో చేత్తో దానికి అన్నం తగ్గకుండా చూడాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చే పనులు.

వదులు చేయడానికి మొదటి సాధనం ఊపిరి. రోగి గొంతులో గొట్టం వేసి యంత్రం చేత ఊపిరి ఆడిస్తాం కదా, ఆ యంత్రాన్ని కాస్త వేగంగా నడిపిస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. అది తగ్గితే మెదడులోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపల రక్తం తగ్గి మెదడు కిందికి దిగుతుంది. సర్జనుగారు "హాయిగా ఉందమ్మా" అంటారు. కాని మరీ వేగంగా నడిపిస్తే నాళాలు మరీ ముడుచుకుని మెదడు మాడిపోతుంది. అందుకని ఆ అంకె మీద కన్ను వేసి ఉండాలి. రెండోది తల ఎత్తు. మంచం తలవైపు కొంచెం పైకి లేపి, మెడ మెలిక పడకుండా, గొట్టం కట్టిన నాడా మెడ సిరలను నొక్కకుండా చూసుకోవాలి. ఇంత గొప్ప శస్త్రచికిత్స ఒక బిగుతైన నాడా వల్ల చెడుతుందంటే నమ్మరు గాని, మెదడు ఉబ్బిందని సర్జనుగారు అనగానే నేను మొదట చూసేది మెడనే. మూడోది మానిటాల్ అనే మందు. అది మెదడులోని నీటిని రక్తంలోకి లాగి మూత్రం ద్వారా బయటికి పంపిస్తుంది. ఆపరేషను తరువాత మంచం పక్కన నిండిపోయిన మూత్రపు సంచీ చూసి బంధువులు హడలిపోతారు. అది మంచి గుర్తే.

మరొక చిక్కు ఉన్నది. కడుపు ఆపరేషనులో సర్జను పొట్ట దగ్గర, మత్తు డాక్టరు తలాపున. మా గదిలో తల సర్జనుగారి సొత్తు. గుడ్డలు కప్పేసిన తరువాత నోట్లోని గొట్టం నా చేతికి సరిగా అందదు. అది ఊడితే మళ్ళీ వేయడానికి తావుండదు. అందుకని దాన్ని కట్టడంలో నేను చూపిన చాదస్తం మీద మా సిస్టర్లు చాలా హాస్యాలాడేవారు. పెళ్ళికూతురికి జడ వేసినట్టు వేస్తానని.

కళ్ళెదుట తెర మీద నాడి, రక్తపుపోటు, ఊపిరి, ప్రాణవాయువు వరుసగా అంకెలై కనబడుతూ ఉంటాయి గనుక ఇప్పుడింత ధీమాగా చెబుతున్నాను. మొదట్లో ఇవేవీ లేవు. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో మోర్టన్ ఈథరు పట్టి చూపించాడు. మరుసటి ఏడు ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారం తెచ్చాడు. క్లోరోఫారంతో కొందరు బల్ల మీదనే చచ్చిపోయేవారు. చావు గుండె ఆగి వస్తుందా, ఊపిరి ఆగి వస్తుందా అన్న తగాదా సముద్రాలు దాటి మన హైదరాబాదుకు వచ్చింది. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888లో ఒక కమిషను, 1889లో మరొక కమిషను ఇక్కడ కూర్చున్నాయి. రెండోదానికి లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద వైద్యుడు వచ్చాడు. వందలకొద్దీ కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు, నాడితో పని లేదని తేల్చారు. ఆ తీర్పు నిలవలేదు. క్లోరోఫారం గుండెను నేరుగా ఆపగలదని 1911లో లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు రుజువు చేశాడు. తీర్పు పోయినా, హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి అక్కడే క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు మాత్రం మిగిలింది. ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనంటారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా ఉంటుంది.

ఊపిరా, నాడా అన్న తగాదాకు సరైన జవాబు ఒక మెదడు సర్జను దగ్గర దొరికింది. హార్వే కుషింగ్ బోస్టన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు అతను ఈథరు పట్టిన రోగి ఒకడు చనిపోయాడు. చదువు మానేద్దామన్నంతగా కుంగిపోయాడు. తరువాత తోటి విద్యార్థి కాడ్‌మన్‌తో, ఎవరు మత్తు బాగా ఇస్తారో చూద్దామని భోజనం పందెం వేసుకుని, ఆపరేషను పొడుగునా నాడినీ ఊపిరినీ కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. 1895 నాటి మాట. 1901లో ఇటలీ వెళ్ళినప్పుడు రివా-రోచి కనిపెట్టిన రక్తపుపోటు పట్టీని చూసి, దాన్ని అమెరికాకు తీసుకుపోయాడు. నేటికీ ఏ ఊళ్ళో ఏ ఆపరేషను జరిగినా మత్తు డాక్టరు నింపే చార్టు ఆ పందెం నుంచి పుట్టిందే. కుర్చీలోంచి లేస్తే ప్రాణం పోతుందన్నట్టు ఆ చార్టు పట్టుకు కూర్చునేవాళ్ళమే మేం.

ఆ కూర్చోవడం ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. చిన్నమెదడు దగ్గర గడ్డ ఉంటే కొన్నిసార్లు రోగిని కూర్చోబెట్టి ఆపరేషను చేస్తారు. తల గుండెకంటె ఎత్తున ఉంటుంది గనుక సిరల్లో ఒత్తిడి పడిపోతుంది. ఎముకలోని సిర తెగితే నెత్తురు బయటికి రావడానికి బదులు గాలి లోపలికి పోతుంది. ఒకనాడు అంతా సవ్యంగా సాగుతూ ఉండగా, ఊపిరితో బయటికి వచ్చే బొగ్గుపులుసు వాయువు అంకె 32 నుంచి చూస్తూ ఉండగానే 20కి పడిపోయింది. యంత్రం చెడలేదు, గొట్టం ఊడలేదు. "గాలి!" అన్నాను. సర్జనుగారు కారణం అడగలేదు. గాయమంతా సెలైనుతో నింపేశారు, ఎముక అంచులకు మైనం పూశారు. నేను మంచాన్ని కిందికి దించాను. నిమిషాల మీద అంకె మళ్ళీ పైకెక్కింది. మరునాడు ఆ రోగి కొడుకు, "ఏ ఇబ్బందీ లేకుండా జరిగిందట గదా" అన్నాడు. అవునన్నాను.

వెన్నెముక ఆపరేషన్లలో తంటా మరొకటి. గూని సరిచేసేటప్పుడు వెన్నుపాము మీద లాగుడు పడితే కాళ్ళు పడిపోవచ్చు. 1973లో స్టాగ్నారా మొదలైన ఫ్రెంచి వైద్యులు దీనికొక ఉపాయం ప్రకటించారు. ఆపరేషను మధ్యలో మత్తు తేలిక చేసి, రోగిని లేపి, "కాళ్ళు కదుపు" అంటారు. కదిపితే మళ్ళీ నిద్రపుచ్చుతారు. ఇప్పుడు సూదులు గుచ్చి, మెదడు నుంచి కాలికి విద్యుత్తు పోతున్నదా అని నిద్రలోనే చూస్తున్నారు. అలా చూడాలంటే కండరాలను సడలించే మందు వాడకూడదు. మందు లేకుండానే రోగి కదలకుండా ఉండాలి. సర్జనుగారికి అడిగినంత సులభం, మాకు చేసినంత కష్టం.

మళ్ళీ మెలకువ ఆపరేషను దగ్గరికి వస్తాను. గడ్డ మాటకు సంబంధించిన భాగం పక్కనో, చేతిని కదిలించే భాగం పక్కనో ఉంటే, ఎక్కడిదాకా కోయవచ్చో చెప్పగలిగినవాడు రోగి ఒక్కడే. కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జను మూర్ఛరోగులకు ఇలా మెలకువగా ఉంచి ఆపరేషను చేసి, మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో పటం గీశాడు. మన దేశంలో 1949లో వేలూరులో మెదడు శస్త్రచికిత్స ప్రారంభించిన డాక్టర్ జేకబ్ చాండీ ఆయన దగ్గర నేర్చుకున్నవారే. ఆ మరుసటి ఏడు మద్రాసులో డాక్టర్ రామమూర్తి మొదలుపెట్టారు. మన జిల్లాలవాళ్ళు మెదడు ఆపరేషనుకని ఆ రెండు ఊళ్ళకూ రైలెక్కిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి.

నా రోగుల్లో ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ఎడమవైపు గడ్డ, మాట పక్కనే. "మాట పోతే నాకు బతుకెందుకమ్మా" అన్నారు ముందురోజు. బడిలో అరిచి అరిచి గంభీరమైన గొంతు. మర్నాడు ముందు కొంత నిద్రపుచ్చి, పుర్రె తెరిచాక లేపాను. నేను గుడ్డ కింద, ఆయన ముఖానికి జానెడు దూరంలో. "మాస్టారూ, పదమూడో ఎక్కం చెప్పండి" అన్నాను. నవ్వి, బడిపిల్లవాడిలా రాగం తీస్తూ అందుకున్నారు. పైన సర్జనుగారు సన్నటి విద్యుత్తు మెదడు మీద ఒక్కొక్కచోట ఆనిస్తున్నారు. ఆరు దాకా వచ్చింది ఎక్కం. ఏడు దగ్గర ఆగిపోయింది. నోరు తెరిచి ఉంది, కళ్ళు నా వంకే చూస్తున్నాయి, మాట లేదు. "ఆగింది" అన్నాను పైకి. విద్యుత్తు తీసేశారు. "...తొంభై ఒకటి" అన్నారు మాస్టారు. ఆ చోట ఒక చిన్న కాగితం ముక్క అంటించి, కత్తి మరో దారి పట్టింది. అలా పంతొమ్మిదో ఎక్కం దాకా వెళ్ళాం. మధ్యలో దాహమన్నారు, తడిగుడ్డ పెదవులకు అద్దాను. కాలు తిమ్మిరెక్కిందన్నారు, పిసికాను. ఒకసారి చెయ్యి చిన్నగా అదిరింది. మూర్ఛ రాబోతున్నదని గ్రహించి చెప్పగానే సర్జనుగారు చల్లటి సెలైను మెదడు మీద పోశారు, అదురు ఆగింది. గడ్డలో ఒక చిన్న ముక్కను తీయకుండా వదిలేశారు. అది మాట మీదనే ఉన్నది. మాస్టారు తరువాత బడికి వెళ్ళి పాఠాలు చెప్పారు.

ఇటువంటి ఆపరేషనుకు మందులకంటె భాష ముఖ్యం. రోగి ఏ భాషలో కలలు కంటాడో ఆ భాషలో మాట్లాడేవాళ్ళు గుడ్డ కింద ఉండాలి. రెండు మూడు భాషలు వచ్చినవాడైతే ప్రతి భాషనూ విడిగా పరీక్షించాలి. ఒకటి మిగిలి ఒకటి పోవచ్చు.

ఇక బంధువులకు తెలియవలసిన సంగతులు. మత్తు డాక్టరు దగ్గర దాపరికం పనికిరాదు. మూర్ఛలు వచ్చే ఇంటర్మీడియట్ కుర్రాడు ఒకడికి ఆపరేషను. రాత్రి పది దాటాక ఏమీ పెట్టవద్దని చెప్పారు. ఏమీ అంటే ఏమీ కాదనుకుని, వాళ్ళ నాయనమ్మ పొద్దుటి మూర్ఛ మాత్రలు కూడా దాచేసింది. ట్రాలీ మీదనే ఫిట్టు వచ్చింది, ఆపరేషను రెండు రోజులు వాయిదా పడింది. తప్పు ఆ ముసలమ్మది కాదు. చెప్పినవాళ్ళు విడమరిచి చెప్పలేదు. మూర్ఛ మాత్రలు సాధారణంగా ఒక గుక్క నీళ్ళతో ఆ ఉదయం కూడా వేయమంటారు. రక్తం పలచబడే మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపమంటారు. ఏది వేయాలి, ఏది మానాలి అన్నది కాగితం మీద రాయించుకోండి. గుండెకని వేరే డాక్టరు ఇచ్చినవి, కీళ్ళనొప్పులకని పసరు వైద్యుడు ఇచ్చినవి అన్నీ సంచీలో వేసి తెచ్చి చూపించండి. తాగుడు సంగతి భార్య ఎదుట ఏ మగవాడూ చెప్పడు. నేను ఆవిడను మంచినీళ్ళ సీసా తెమ్మని కిందికి పంపి అడిగేదాన్ని. రోజూ తాగేవాడికి హఠాత్తుగా ఆగిపోతే రెండో రోజో మూడో రోజో వణుకు, పలవరింత మొదలవుతాయి. ఆపరేషను వికటించిందా, మందు మానినందువల్లా అని తేల్చుకోలేక మేం తల పట్టుకోవాలి.

ఆపరేషను అయిందని చెప్పిన తరువాత కూడా రోగి లేవలేదంటే వెంటనే గుండెలు బాదుకోవద్దు. లేపడంలో తొందర పనికిరాదు. గొట్టం తీసేటప్పుడు గట్టిగా దగ్గితే, రక్తపుపోటు ఎగిరితే, కుట్టిన చోట నెత్తురు ఊరుతుంది. పాలు పొంగకుండా పొయ్యి మీది నుంచి దించినట్టు దించాలి. మెదడు బాగా వాచి ఉంటే ఒకటి రెండు రోజులు కావాలనే నిద్రలో ఉంచుతారు. అప్పుడు "ఎందుకు లేపలేదు, ఎప్పుడు లేపుతారు" అని అడగండి. అడిగే హక్కు మీది. లేపుదామనుకున్న మనిషి అనుకున్న వేళకు లేవకపోతే మటుకు మేం ఊరుకోం, వెంటనే స్కానుకు తీసుకుపోతాం. ఎవరూ లేవకుండా పోలేదా అంటే, పోయారు. అది మత్తు వల్ల కావడం బహు అరుదు, గడ్డ వల్లనో నెత్తురు వల్లనో అవుతుంది. ఆ తేడా ఆ తల్లికి చెప్పి ప్రయోజనం ఉండదు. చెప్పకుండా వెళ్ళిపోవడానికీ వీలు లేదు. పక్కన కూర్చునేదాన్ని.

లేచినవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. గంటగంటకూ సిస్టరు వచ్చి కంట్లో టార్చి వేసి, పేరు అడిగి, చెయ్యి నొక్కమని, కాళ్ళు ఎత్తమని చెబుతుంది. లోపల నెత్తురు చేరితే మొదట తెలిసేది ఆ జవాబుల్లోనే. రోగిని పడుకోనివ్వడం లేదని బంధువులు సిస్టర్ల మీద ఫిర్యాదు చేస్తారు. తెనాలి వైపు పెద్దావిడ ఒకరు మరునాటి ఉదయం నా చెయ్యి పట్టుకుని రహస్యంగా చెప్పింది: "ఏమీ అనుకోకమ్మా, ఆ పిల్లలకు జ్ఞాపకశక్తి బొత్తిగా లేదు. రాత్రంతా నా పేరు చెబుతూనే ఉన్నాను, గంట తిరిగేసరికి మళ్ళీ అడుగుతారు."